గోరుకు తోడొచ్చిన ఆకు

ఒకప్పుడు కాలి గోళ్ళకి మహా తొందర. చేతి గోళ్ళు ఆవలించి ఒళ్ళు విరుచుకునేలోపే ఇవి వేలు దాటి బయటికి వచ్చేసేవి. పొద్దున్న కోస్తే సాయంత్రానికి మళ్ళీ తయారు! పడుకుంటే చాపలు చిరిగేవి. పరుగెడితే ముందువాడి మడమలు గీరుకుపోయేవి. ఇంట్లో ఒకరు కొత్త దుప్పటి కప్పుకున్నారంటే మిగతావాళ్ళు గుండెలు పట్టుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో గోదారి పక్క పల్లెలో ఆదెమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఉన్నది మాత్రం ఒకే ఒక్క వరిమడి. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ తినాల్సిన బియ్యం అందులోంచే రావాలి. వానలు పడ్డాయి, నారు ఎదిగింది, ఊడ్పులు మొదలయ్యాయి.

ఊడ్పులంటే తెలుసుగా? బురదలో నడుం వంచి, నారుమొక్కలు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడవాలి. ముందుకు నడిచామా, నాటినవన్నీ మనమే తొక్కేస్తాం.

ఈ వెనక నడక దగ్గరే వచ్చింది తంటా.

"ఏమే ఆదెమ్మా!" అంది ఆవిడ కుడికాలి బొటనవేలి గోరు. "పొద్దున్నుంచీ ఊపిరి తీసుకోకుండా నేను ముందుకు పెరుగుతుంటే, నువ్వు వెనక్కి పోతావేంటి? ఇలాగైతే నేనెప్పటికి చేరతాను?"

"ఇంతకీ ఎక్కడికి చేరాలే నువ్వు?"

గోరు గతుక్కుమంది. అసలు సంగతి బయటపెట్టడం దానికి ఇష్టం లేకపోయింది. "ఎక్కడికో అక్కడికి! నువ్వు ముందు తిన్నగా నడవడం నేర్చుకో" అని ఇంకా జోరుగా పెరిగింది.

అలా పెరిగి, అప్పుడే నాటిన మొక్కల వేళ్ళకి తగులుకుంది. ఆదెమ్మ కాలు తీస్తే మొక్కలు కూడా లేచొచ్చాయి. మళ్ళీ నాటింది. మళ్ళీ లేచొచ్చాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. గట్టెక్కి కూర్చుని, నడుముకి దోపుకున్న చిన్న కత్తి తీసింది.

"చేతి గోళ్ళని చూడు, గుండ్రంగా ఎంత ముద్దొస్తున్నాయో. నిన్నూ అలాగే చేస్తా, ఉండు!" అంటూ గోటిని మొదలంటా కోసి, రెండు మూలలూ లోపలికంటా గీకి పారేసింది.

గోరంత గోరుకి కొండంత కోపం వచ్చింది. "నా మూలలే తీసేస్తావా? ముందుకి దారి లేకపోతే పక్కకి పోతా!" అని కస్సుమని వేలి కండలోకి దిగిపోయింది.

"ఓలమ్మో!" అన్న ఆదెమ్మ కేకకి కొంగలన్నీ లేచిపోయాయి.

తెల్లారేసరికి వేలు ఎర్రగా వాచిపోయింది. గోరుచుట్టు అన్నారు ఊళ్ళోవాళ్ళు. పేరేదైతేనేం, పాదం నేలకి ఆనితే ప్రాణం జివ్వుమంటోంది.

తోడికోడలు మంగాయమ్మ అటుగా వచ్చింది. "ఏంటక్కా, ఊరంతా ఊడుస్తుంటే నువ్వు గట్టుమీద గోళ్ళు గిల్లుకుంటూ కూచున్నావు?" అంది.

"గిల్లుకోవడం కూడానా తల్లీ! ముట్టుకుంటేనే కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి."

అవతల నారు గోల మొదలెట్టింది. "ఆదెమ్మా, మేం ముదిరిపోతున్నాం! ఇంకా ఆలస్యమైతే నాటినా కంకులు వెయ్యలేం. తర్వాత మమ్మల్ని తిట్టి లాభం లేదు!"

ఆదెమ్మకి నిజంగానే భయమేసింది. మడి బీడు పడితే పిల్లలకి ఏం పెడుతుంది?

పీత బొరియలోంచి తొంగిచూసింది. "ఇంతేనా? నా కత్తెర కాళ్ళు ఎందుకున్నాయి?" అని గోటి మూల ఇంకా లోతుగా తవ్వింది. గోరు ఇంకా లోతుకి పారిపోయింది. వాపు రెండింతలైంది.

గేదె వచ్చింది. "పీత మాట ఎందుకు విన్నావమ్మా? నా గిట్టలు చూడు, ఎంత గట్టిగా ఉన్నాయో. అంతా బురద చలవే. కాలు తియ్యకుండా బురదలోనే పెట్టుకుని కూచో" అంది. ఆదెమ్మ అలాగే కూచుంది. తీసి చూస్తే గోరు పసుప్పచ్చగా మారి, మందంగా ఉబ్బి, అంచులు పొట్టులా రాలుతున్నాయి. గేదె చల్లగా జారుకుంది.

ఆదెమ్మ కంచెకి చేరగిలబడి భోరుమంది. ఆ కంచెలో ఒక చిన్నాకుల పొద ఉండేది. దానికి అప్పటికింకా పేరు లేదు. మేకలు కూడా వాసన చూసి మొహం తిప్పుకునేవి.

"ఏడవకమ్మా," అంది పొద. "అందరూ ఆ గోటిని కొయ్యమనీ ముంచమనీ చెప్పారు. దానికేం కావాలో ఎవరైనా అడిగారా?"

ఆదెమ్మ ముక్కు తుడుచుకుని కాలి వైపు చూసింది. "ఏం కావాలే నీకు?"

గోరు సన్నగా అంది. "చేతి గోళ్ళు పెరుగన్నంలో మునుగుతాయి. పిల్లల జుట్టులో తిరుగుతాయి. నువ్వు వాటిని రోజూ చూసుకుంటావు. నాకు బురద, రాళ్ళు, తిట్లు. నొప్పి పుడితేనే నేనున్నానని గుర్తొస్తుంది నీకు. తొందరగా పెరిగితే నీ కళ్ళ దాకా వస్తానేమో అనుకున్నా."

ఆదెమ్మకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా జాలేసింది. ఆ మురికి గోటిని అరచేత్తో మెల్లగా నిమిరింది.

"విను ఆదెమ్మా," అంది పొద. "గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టు. తర్వాత వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా తుడుచుకో. ఇకమీదట గోటిని తిన్నగా, అడ్డంగా కొయ్యి. మూలల జోలికి పోకు, మరీ మొదలంటా తియ్యకు. ఏ రోజు బురద ఆ రోజే కడిగెయ్యి. గోరూ, నువ్వు కండ వదిలి బయటికి రా. ఇకమీదట నెమ్మదిగా పెరుగు. అప్పుడు కత్తితో అంత పని ఉండదు."

"నెమ్మదిగా అంటే ఈ వేలి కొసకి చేరడానికే నెలలు పడుతుంది," అంది గోరు బెంగగా. "అంత దూరం ఒక్కదాన్నే పోవాలా?"

"నా ఆకు రుబ్బి నీకు పెట్టమను, నేను తోడొస్తాలే," అంది పొద.

ఆదెమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఉప్పునీళ్ళ వెచ్చదనానికి గోరు కోపం దిగి, కండ వదిలి బయటికొచ్చింది. (ఇది కథలో గోరు కాబట్టి మాట విన్నది. మీ వేలు చీము పడితే పొదల్ని అడక్కండి, డాక్టరు దగ్గరికి పోండి.) తర్వాత పొద ఆకు రుబ్బి, కాలి గోళ్ళకీ పాదాలకీ అరచేతులకీ పెట్టుకుని పడుకుంది. పొద్దున్నే కడిగితే ఎర్రగా, మెరుస్తూ పండింది!

"హమ్మయ్య, దిగవమ్మా దిగు!" అని అరిచింది నారు. ఆదెమ్మ మడిలోకి దిగి వెనక్కి నడుస్తూ, పాడుకుంటూ పొద్దుగూకేలోపు ఊడ్చేసింది. గోరు ఒక్క మాటంటే ఒట్టు.

కొన్నాళ్ళకి ఆవిడ అరచేతుల ఎరుపు వెలిసిపోయింది. పాదాల మీదా పోయింది. గోరు కంగారుపడింది. "నువ్వూ వెళ్ళిపోతున్నావా?" అని ఆకుని అడిగింది.

"పిచ్చిదానా, చర్మానికి నేను చుట్టాన్ని. నీకు తోడుని. నీతోపాటే నడుస్తా" అంది ఆకు.

ఆ ఏడు మడి నిండా వరి పండింది. గోటిని అంటిపెట్టుకుని ఉంది కదా అని ఆదెమ్మ ఆ ఆకుకి గోరింటాకు అని పేరు పెట్టింది. కాళ్ళు కడుక్కున్నప్పుడల్లా ఆ ఎరుపు ఎంతదాకా వచ్చిందో వంగి చూసుకునేది. గోటికి కావలసింది అదే.

అప్పటినుంచే కాలి గోరు చేతి గోటికంటే నెమ్మదిగా పెరుగుతుంది. మూలలు గీకితే మాత్రం పాత కోపం గుర్తొచ్చి కండలోకి దిగుతుంది. అప్పటినుంచే గోరింటాకు చర్మం మీద నాలుగు నాళ్ళుండి వెళ్ళిపోయినా, గోటిని మాత్రం వదలదు. దానితోపాటే మెల్లగా జరుగుతూ, వేలి కొసదాకా వెళ్ళి, రెండూ కలిసే రాలతాయి.