ఖాకీ కాయితం కింద పులి

ఈదమ్మ మూడు రోజులుగా చదువుకు రావడం లేదు. నాలుగో రోజు ఖలీల్ గురువు ముందుకొచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"హజ్రత్, ఆ పిల్లకు జ్వరమట. పలవరిస్తోందట. నా వల్లేనని గూడెంలో అంటున్నారు," అన్నాడు.

నల్లమల అంచున ఒక చిన్న దర్గా, దాని పక్కన ఒక పాక. నూరుల్లా షా అనే సూఫీ ముసలాయన అక్కడ ఉంటాడు. ఖలీల్ ఆయన శిష్యుడు. పట్నంలో డిగ్రీ చదివొచ్చాడు కనుక చెంచుగూడెం పిల్లలకు ఇంగ్లీషు నేర్పే పని గురువు అతనికే అప్పజెప్పాడు. వాళ్ళ దగ్గరున్నది ఒకే ఒక బొమ్మల పుస్తకం. దాహమేసిన పులి నీళ్ళు వెతుక్కుంటూ పోయే కథ. పేజీ నిండా బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ఒకటి రెండు మాటలు. వచ్చే సోమవారం గురుకులం బడి వాళ్ళు వస్తారు. ఇంగ్లీషులో నాలుగు మాటలు చదివిన పిల్లను చేర్చుకుంటారు. ఉన్న పన్నెండు మందిలో ఆ ఆశ పెట్టుకోదగ్గది ఆరేళ్ళ ఈదమ్మ ఒక్కతే.

"ఏం చేశావు?" అన్నాడు గురువు.

"పిల్లలు అక్షరాలు చదవడం లేదు హజ్రత్. బొమ్మ చూసి చెప్పేస్తున్నారు. పులి కనబడగానే టైగర్ అని అరుస్తారు, కోతి కనబడితే మంకీ. అది దొంగ చదువు కదా! అందుకని బొమ్మలన్నిటి మీదా ఖాకీ కాయితం అంటించాను. అక్షరాలు మాత్రం వదిలాను."

మైదా బంక కాచి, తన తెలివికి తానే మురిసిపోతూ అంటించాడు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

"తరవాత?"

"అందరి నోళ్ళూ పడిపోయాయి. ఈదమ్మ అయితే పులి పేజీ తెరవగానే కెవ్వుమని పారిపోయింది. నిరుడు ఆ పిల్ల మేనమామను పులి చంపిందట, నాకు తెలీదు. కానీ ఒకటి అర్థం కావడం లేదు హజ్రత్. బొమ్మ కనబడినన్నాళ్ళూ దాని మీసాలు వేలితో నిమిరేది. మూసేశాక భయమేమిటి?"

గురువు లేచి కంబళి భుజాన వేసుకున్నాడు.

"పద, గూడేనికి పోదాం. పుస్తకం సంచిలో పెట్టుకో."

అడవి దారిలో నడవడమంటే ఖలీల్‌కు ఎప్పుడూ గుండె దడే. గురువు వెంట ఉన్నాడన్న ధైర్యంతో నడుస్తున్నాడు. సగం దూరం పోయాక కుడిపక్క పొదల అవతల ఎండుటాకులు నలిగాయి. ఖలీల్ అటు తిరగబోయాడు. అంతలో గురువు కంబళి తీసి అతని తల మీద కప్పేశాడు. భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"కదలకు. అరవకు," అన్నాడు చెవి దగ్గర.

ఖలీల్‌కు ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడుతోంది. బుసబుసమని ఊపిరి, గోళ్ళతో గీరుతున్న శబ్దం. అది దగ్గరికొస్తోందనుకున్నాడు. పెద్దపులే అనుకున్నాడు. రెండున్నాయనుకున్నాడు, ఒకటి వెనక నుంచి వస్తోందనుకున్నాడు. కల్మా చదువుకుందామంటే మాటలు గుర్తు రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ చదివే మాటలవి! చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"తీసేయండి హజ్రత్. మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు.

గురువు కంబళి తీశాడు.

ఎలుగుబంటి. ముప్పై అడుగుల దూరంలో చెదపుట్టను తవ్వుతోంది. మట్టి ఊదేసి చెదలు పీలుస్తోంది. దాని వీపు ఇటువైపు ఉంది. గాలి కూడా దాని వైపు నుంచే వీస్తోంది, మనుషుల వాసన దానికి అందదు.

ఖలీల్ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. కానీ ఎటు తప్పుకోవాలో కనబడింది. మెల్లగా వెనక్కి ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ఇద్దరూ మద్దిచెట్ల మీదుగా చుట్టు తిరిగి పోయారు. ఎలుగు తల కూడా తిప్పలేదు.

చాలా దూరం నడిచాక గురువు అడిగాడు.

"ఎప్పుడు ఎక్కువ భయమేసింది?"

ఖలీల్ సంచిని గుండెకు హత్తుకుని నడిచాడు.

గుడిసె ముందు ఈదమ్మ తల్లి గురవమ్మ అడ్డం నిలబడింది.

"మల్లా ఆ బుక్కు తెచ్చినావా సారూ? నా బిడ్డను ఏం చేయాలనుకున్యావు? పులి కాయితం ఎనకమాల దాక్కోనుందంట. ఎప్పుడు దూకుతాదో తెలీదంట. కండ్లు మూస్తే అదే కలవరింత!"

ఖలీల్ తల ఎత్తలేకపోయాడు. "తప్పు నాదేనమ్మా. చెంబెడు నీళ్ళివ్వు," అన్నాడు.

గురువు గడప బయటే కూర్చున్నాడు. ఖలీల్ లోపలికి వెళ్ళాడు. పుస్తకం చూడగానే ఈదమ్మ దుప్పట్లో ముడుచుకుపోయింది. అతను దూరంగా చతికిలబడి, పులి పేజీ తెరిచి, ఖాకీ కాయితాన్ని నీళ్ళతో తడిపాడు. బంక నానేదాకా ఆగి ఒక మూల నుంచి లాగాడు. పులి బయటపడింది గానీ ఒక చెవి కాయితంతో పాటే ఊడొచ్చింది.

దుప్పట్లోంచి ఒక కన్ను బయటికొచ్చింది. చాలాసేపు చూసింది.

"దాని చెవు ఏది?"

"నేనే చింపినాను తల్లీ."

ఈదమ్మ పాక్కుంటూ వచ్చింది. చినిగిన చోట వేలు పెట్టి నిమిరింది. తరవాత వేలిని కిందికి, అక్షరాల మీదికి జరిపింది.

"టైగర్," అంది సన్నగా.

గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈదమ్మ తనంతట తానే పేజీ తిప్పింది. అక్కడ మళ్ళీ ఖాకీ కాయితం. నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి లాక్కుంది.

"అక్కడుండేది కోతే తల్లీ. పులి కాదు," అన్నాడు ఖలీల్.

"ఏమో సారూ. నాకు కనపడల్యా."

ఖలీల్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. చెంబు దగ్గరికి లాక్కున్నాడు.

"సోమవారం వస్తావా?" అని అడిగాడు.

"కాయితాలన్నీ తీసేస్తే వస్తా."

ఇంకా పదకొండు పేజీలున్నాయి. ఖలీల్ గబగబా తడపడం మొదలుపెట్టాడు.

"పొద్దు చాలా ఉంది బేటా," అన్నాడు గురువు గడప అవతల నుంచి. "మెల్లగా తీయి."