ఆలస్యంగా వచ్చిన ఊఁ

ఎవరినీ తక్కువ చేయకూడదని సుంకన్న ఎంతో కష్టపడి పెట్టిన ఏర్పాటు మీద మఠంలో అందరూ విసుక్కోవడం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ విసుక్కున్నది సుంకన్నే.

"ఒక్క ముక్క కూడా పోవడం లేదక్కా! అన్నీ చేరుతున్నాయి. కావాలంటే చూడు," అని లాప్‌టాప్ మోసుకొచ్చి వంటింట్లో తిమ్మక్క ముందు పెట్టాడు.

తిమ్మక్క వంకాయలు కోస్తోంది. తల ఎత్తలేదు.

"నాకు చూపిస్తే ఏమొస్తది నాయనా? ఆ ఫోన్లో మాట్లాడేటోనికి చూపియ్యి."

సుంకన్న హైదరాబాదులో ఒక కంపెనీలో నెట్‌వర్కులు చూసే ఉద్యోగం వదిలేసి మఠం పెద్ద ఓబులయ్య తాత దగ్గరికి శిష్యరికానికి వచ్చినవాడు. ఎర్రమల కొండల్లో ఉన్న ఆ మఠానికి సెల్ సిగ్నల్ అందదు. కింద ఊరి నుంచి స్తంభాల మీదుగా ఒక్క తీగ వస్తుంది, ఇంటర్నెట్టంతా దానిమీదే. తాత గదిలో ఫోను దానిమీదే పనిచేయాలి. అతిథులు గదుల్లో సినిమాలు చూసేదీ దానిమీదే. ఉదయం తాత చెప్పిన నాలుగు మాటలను వీడియో తీసి, సాయంత్రం ఊరూరా ఉన్న భక్తులకు పంపేదీ దానిమీదే.

మా చదువుల రోజుల్లో ఫోను చేయాలంటే ట్రంకాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద ఎదురుచూడాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. లైట్నింగు కాల్ వస్తే మిగతావాళ్ళంతా పక్కకు తప్పుకోవాల్సిందే. మా మేనమామ మామిడికాయల ధర కనుక్కోవడానికి కూడా లైట్నింగే బుక్ చేసేవాడు, బెంచీ మీద వాళ్ళు తనను చూడాలని. మఠంలో అతిథిగా ఉన్న నేను ఈ సంగతి సుంకన్నకు చెబితే అతనికి ఒళ్ళు మండింది.

"అదే సార్ నేను వద్దనేది! మీ మేనమామ లాంటోళ్ళ కోసమే ఈ పంక్తి నియమం."

పంక్తి నియమం అంటే భోజనాలది. ఆ మఠంలో ఎవరు ముందు వచ్చి కూర్చుంటే వాళ్ళకు ముందు వడ్డిస్తారు. తర్వాత వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా చివరనే కూర్చోవాలి. ఇంకో నియమం, వచ్చినవాణ్ణి తినకుండా వెనక్కి పంపకూడదు. వరండా నిండితే గొడ్లచావిట్లో చాపలు పరుస్తారు. ఒకసారి ఎవరో మంత్రిగారి బావమరిది అక్కడే కూర్చుని తిన్నాడు. సగం భోజనంలో ఆవు ఆయన విస్తరి లాగేసుకుంది. ఆయన మళ్ళీ వరస చివరికి వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది.

సుంకన్న ఆ రెండు నియమాలనూ ఇంటర్నెట్టు డబ్బాకు పెట్టాడు. మాటలైనా సినిమాలైనా ఆ డబ్బాలోంచి ముక్కలు ముక్కలుగా పోతాయట. వాటిలో ఫోను మాటలను ముందుగా పంపే సౌకర్యం ఒకటి ఉంటుందట. దాన్ని తీసేశాడు. ఏది ముందు వస్తే అది ముందు పోవాలి. ఏ ముక్కనూ చోటు లేదని తోసెయ్యకుండా, అన్నీ వరసలో వేచి ఉండేందుకు డబ్బాలో చోటు ఎంత పెంచగలడో అంత పెంచాడు. ఆ పని అయిన రోజు అతని మొహం చూడాలి, తీర్థానికి వెళ్ళొచ్చినవాడిలా ఉన్నాడు.

అప్పటి నుంచే తంటా.

బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే మిషను దగ్గర పనిచేసే మద్దిలేటి రోజూ సాయంత్రం తాతకు ఫోను చేస్తాడు. మఠానికి వచ్చి తాగుడు మానేసినవాడు. పని దిగి ఇంటికి పోయే దారిలో సారాయి దుకాణం ఉంది. అది రాకముందే ఫోను కలుపుతాడు. మాట్లాడుతూ నడుస్తాడు. మిషను గురించి, పెళ్ళాం పెంచే కోళ్ళ గురించి, ఏది తోస్తే అది. దుకాణం దాటాక "దాటినా తాతా" అని పెట్టేస్తాడు. తాతకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి స్పీకరు పెట్టుకుంటాడు. అందుకని మాకూ వినపడుతుంది. తాత చేసేదల్లా ఊఁ కొట్టడమే.

ముందు రోజు సాయంత్రం, తీగ మీద వీడియో పోతుండగా, మద్దిలేటి "తాతా" అన్నాడు. తాత "ఊఁ" అన్నాడు.

"తాతా?" అన్నాడు మద్దిలేటి మళ్ళీ.

"ఊఁ."

"ఉండావా తాతా? పలకవేంది?" మాట మధ్యలో గరగరమంది. "నామీద కోపమా?"

తాత "ఊఁ ఊఁ" అంటూనే ఉన్నాడు. అవతల మద్దిలేటి ఒక్కడే మాట్లాడి, ఆగి, మళ్ళీ పిలిచి, చివరికి పెట్టేశాడు.

తెల్లారి తీగ మీద రద్దీ లేని వేళ అతని భార్య సరోజ ఫోను చేసింది. ఫోనెత్తింది తిమ్మక్క.

"తాగొచ్చినాడక్కా. తాత కూడా నన్ను వదిలేసినాడే అని గోడకు తల బాదుకున్నాడు. ఇంక మఠానికి ఫోను చెయ్యడంట."

తిమ్మక్క ఆ మాట సుంకన్న మొహానే అనేసి, వంకాయలు కోయడానికి కూర్చుంది. అప్పుడే అతను లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

అక్కడ లాభం లేక సుంకన్న తాత దగ్గరికి పోయాడు. తాత అరుగు మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నాడు. నేను పక్కనే పేపరు చదువుతున్నాను, పేపరంటే మొన్నటిది.

"తాతా, తిమ్మక్క నన్ను కొంప ముంచినోణ్ణి చూసినట్టు చూస్తాంది," అన్నాడు సుంకన్న.

తాత పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు.

"నేను చేసిన తప్పేంది? మీ పంక్తి నియమమే కదా పెట్టినా?"

తాత చేట అటూ ఇటూ కదిపాడు.

"ఫోను ముందు పోవాలంటే చిటికెలో చేస్తా. ఈ పొద్దు ఫోను ముందంటాం. రేపు ఇంకొకాయన వచ్చి నా సినిమా ముందంటాడు. అప్పుడు మన నియమం ఏం కావాల?"

ఇంకో రాయి.

"వింటాండారా తాతా?"

తాత మొహం పప్పులోంచి లేవలేదు. సుంకన్న నావైపు చూశాడు. నేను పేపరు తిప్పాను.

"మద్దిలేటి తాగినాడంటే నాకు మాత్రం బాధ లేదా? రాత్రంతా ఆ డబ్బా ముందే కూర్చున్నా. ఏమన్నా అనండి తాతా! తిట్టండి పోనీ!"

తాత పప్పులో వేలితో గీత గీసి, గీతకు అటు ఉన్నది ఏరడం మొదలుపెట్టాడు.

"నేనేమన్నా గోడతో మాట్లాడతాండానా?" అన్నాడు సుంకన్న. చెప్పులు వేసుకుని గొడ్లచావిడి వైపు విసవిసా నడిచాడు.

దారిలో నంద్యాల నుంచి వచ్చిన బట్టల వ్యాపారి నరహరి శెట్టి అతణ్ణి ఆపి, గదిలో ఇంటర్నెట్టుకు పాస్‌వర్డ్ ఏంటని అడిగాడు. సుంకన్న ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన సెల్లులో నొక్కుకుంటున్నాడు.

తాత పప్పు ఏరడం ముగించాడు. చేట పక్కన పెట్టి, పైపంచె దులుపుకుని, మెల్లగా నడిచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. నాకూ ఆగబుద్ధి కాక వెనకే పోయాను.

"ఊఁ," అన్నాడు తాత.

సుంకన్న వెనక్కి తిరిగాడు. "ఏంది తాతా?"

"ఊఁ."

"ఏం కావాల?"

"ఊఁ. ఊఁ."

శెట్టి ఒకసారి తాతను, ఒకసారి నన్ను చూసి, "పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా?" అని గొణిగాడు.

"ఊఁ," అన్నాడు తాత చివరగా. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "తిమ్మక్క చూపుకొకటి. పంక్తి నియమానికొకటి. ఆ సినిమా ఆయనకొకటి. నీ బాధకొకటి. గోడకొకటి. అన్నీ ఇచ్చేసినా. వరస తప్పలేదు. ఒక్కటి కూడా పోలేదు, చూసుకో."

"అప్పుడే అనొచ్చు కదా తాతా! అక్కడ నేను అంతగా అడుగుతాంటే!"

"నీకంటే ముందు పప్పు వచ్చిందిరా."

అని తాత వెనక్కి నడిచి, అరుగు మీది చేట తీసుకుని వంటింట్లోకి పోయాడు.

సుంకన్న నోరు తెరిచి అక్కడే నిలబడ్డాడు. "పాస్‌వర్డులో తర్వాతి అక్షరం ఏంటయ్యా?" అని శెట్టి అడిగాడు. "చెప్పవేం?" అని మళ్ళీ అడిగేసరికి సుంకన్న డబ్బా ఉన్న ఆఫీసు గదివైపు పరుగెత్తుతున్నాడు.

ఆరోజు అతను మధ్యాహ్నం భోజనానికి రాలేదు. తిమ్మక్క తిట్టుకుంటూనే పళ్ళెం ఆ గదికి పంపింది.

సాయంత్రం అయింది. వీడియో పైకి ఎక్కుతోంది. అతిథులు గదుల్లో సెల్లులు తెరిచారు. ఫోను మోగలేదు. తాత ఎప్పటిలాగే దాని పక్కన కూర్చున్నాడు. మద్దిలేటి పని దిగే వేళ దాటిపోతోంది. సుంకన్న గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. ఇక ఆగలేక తనే లోపలికి వచ్చి మద్దిలేటి నంబరు కొట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు.

ఎత్తారు. అవతల రోడ్డు మీద లారీ పోతున్న చప్పుడు.

"మద్దిలేటన్నా, తాత ఉండాడు ఇక్కడ. మాట్లాడు," అన్నాడు సుంకన్న.

లారీ చప్పుడు దూరమయ్యాక మద్దిలేటి గొంతు వచ్చింది.

"తాతా."

"ఊఁ."

"నిన్న తాగినా."

"ఊఁ."

"నువ్వు పలకకపోతే, ఇంక నేను నీకు అక్కర్లేదనుకున్నా."

"ఊఁహూఁ."

అవతల మద్దిలేటి ముక్కు చీదుకున్నాడు. "దుకాణం ముందరే ఉండా తాతా. మావోళ్ళు రమ్మని పిలుస్తాండారు."

"ఊఁ," అన్నాడు తాత, ఈసారి కొంచెం గట్టిగా.

తర్వాత నాపరాళ్ళ ముక్కల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. మిషను బ్లేడు విరిగిందని చెప్పాడు. ఊఁ. కోడిపెట్ట పొదిగిందని చెప్పాడు. ఊఁ. మాట ఆగిన చోటల్లా ఊఁ పడుతోంది.

అప్పుడు నరహరి శెట్టి సెల్లు పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"ఏంటయ్యా సుంకన్నా? సినిమా ఆగి ఆగి వస్తోంది! పొద్దున సగం పాస్‌వర్డ్ చెప్పి పారిపోతే, ఎవరినో బతిమాలి మిగతాది కనుక్కున్నా. ఇప్పుడు ఇదా?"

"కాసేపు ఆగండి సార్. ఫోను పోతాంది."

శెట్టి గుమ్మంలోంచి తొంగి చూశాడు. కాసేపు చెవి ఒగ్గాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"మీ తాత ఊఁ తప్ప ఇంకేమీ అనడంలేదు కదయ్యా! ఆ ఊఁ కోసం మమ్మల్నందరినీ ఆపేశావా?"

"ఆపలేదు సార్," అన్నాడు సుంకన్న. "దాని వెనక నిలబెట్టినా."

శెట్టి ఇంకేదో అనబోయాడు. సుంకన్న చెయ్యెత్తి ఆయన్ను ఆపి, గదివైపు తల తిప్పాడు.

"దాటినా తాతా," అంటోంది ఫోను.