గంపలో సోమయాజి

పూర్వం ఒక కొండకోటకి మనుషుల్ని గంపలో కూర్చోబెట్టి పైకి లాగే చక్రం ఉండేది. దాన్ని నడిపే పైడెమ్మ మీద ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి రాజుగారికి ఫిర్యాదు చేశాడు.

"ఈ చక్రం నడిపే పద్ధతంతా మూడొందల తాటాకుల మీద రాసిచ్చాను. ఈవిడ కట్టు కూడా విప్పలేదు, తోచినట్టు నడుపుతోంది. ఇకమీదట నా పుస్తకంలో లేని పని చేస్తే కొలువులోంచి తీసెయ్యండి."

రాజుగారు సరేనన్నారు. పైడెమ్మ కూడా సరేనంది.

మర్నాడు సోమయాజే గంపెక్కాడు. సగం దూరం పోయాక చక్రం ఎప్పట్లాగే బిగుసుకుపోయింది. మామూలుగా అయితే పైడెమ్మ ఇరుసు చీల మీద రాయితో ఒక్కటి కొట్టి వదులు చేసేది. ఈసారి తీరిగ్గా కూర్చుని, పుస్తకం విప్పి, మొదటి ఆకు నుంచి కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది. దేవుళ్ళ స్తుతి అయింది. సోమయాజిగారి ముత్తాతల గొప్పలు మొదలయ్యాయి. గాలికి గంప ఊగుతోంది, కింద లోయ కనిపిస్తోంది.

"అవన్నీ ఎవడిక్కావాలే! బిగుసుకుంటే ఏం చెయ్యాలో చదువు" అని అరిచాడు సోమయాజి.

"అది ఎన్నో ఆకులో రాశారు పంతులుగారూ?"

సోమయాజి గంప అంచు పట్టుకుని లోయలోకి చూశాడు. "రాయలేదు" అన్న మాట చివరికి సన్నగా వినిపించింది.

బురుజు మీంచి అంతా చూస్తున్న రాజుగారు నవ్వాపుకుని, చీల కొట్టమని సైగ చేశారు.

తరవాత ఆయన అడిగారు. "పుస్తకంలో ఆ సంగతి లేదని నీకెలా తెలిసింది, పైడెమ్మా?"

"నాకేం తెలుసు మారాజా. గంపలో ఉన్నాయన్ని అడిగాను."