మొహం దొరకని మూడక్షరాలు

నా పళ్ళసెట్టు మీద ఒట్టు, ఈ కథలో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. అబద్ధమని తేలితే రేపు నా కాఫీలో పంచదారకి బదులు ఉప్పు పోసెయ్యి, కిక్కురుమనకుండా తాగేస్తాను. సరేనా? దుప్పటి గడ్డం దాకా లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి మరి.

అనగనగా ఒక ఊరు. ఎంత ఊరంటావు? అరచేతిలో పట్టేంత ఊరు. ఇటుకల బట్టీలో పనిచేసే జమ్మయ్య దగ్గర ఒక పాత ఫోనుండేది. ఆ ఫోను అద్దం వెనకాల ఉండేదీ ఊరు. పేరు తెరపాలెం. లక్ష వీధులు, వీధికి లక్ష ఇళ్ళు. నమ్మకపోతే వెళ్ళి లెక్కపెట్టుకో.

ఆ ఊరికి బయటి నుంచి అక్షరాలు వస్తుండేవి. ఎవరో ఎక్కడో ఫోన్లో నొక్కితే ఇక్కడికొచ్చి దిగుతాయన్నమాట. అయితే వచ్చేటప్పుడు వాటికి మొహాలుండవు. నుదుటి మీద ఒక నంబరుంటుంది, అంతే. ఒకరి నంబరు ఇంకొకరికి ఉండదు. మొహాలేమో తెరపాలెంలో ఇళ్ళవాళ్ళు ఇస్తారు. తెలుగు అక్షరాల మొహాలు ఒక ఇంట్లో, అరవం మొహాలు ఒక ఇంట్లో, నవ్వే బొమ్మలవీ ఏడ్చే బొమ్మలవీ ఇంకో ఇంట్లో. మొహం తగిలించుకున్నాక అక్షరం వెళ్ళి అద్దం ముందు నిలబడుతుంది. అప్పుడే బయటివాళ్ళు చదువుకోగలరు.

దిగిన ప్రతి అక్షరాన్నీ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళే పని పైడయ్యది. పాపం పైడయ్య. ఆ ఫోను పుట్టిన రోజు లేచి నిలబడ్డవాడు మళ్ళీ కూర్చోలేదు. నువ్వు కనురెప్ప వేసి తీసేలోపు వాడు ఊరంతా తిరిగి రావాలి. అరికాళ్ళు అరిగి అరిగి, ఇప్పుడు చీలమండల మీద నడుస్తున్నాడు. నడుస్తూ అన్నం తినేవాడు, నడుస్తూ నిద్రపోయేవాడు, ఆవలింత వస్తే దాన్ని కూడా నడుస్తూనే మింగేసేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మూడక్షరాలు వచ్చి దిగాయి. మూడూ ఆడపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డాయి. పైడయ్య వాటి నంబర్లు చూశాడు. అలాంటి నంబర్లు వాడెప్పుడూ చూడలేదు. ఎక్కణ్ణుంచి వస్తున్నారమ్మా అని అడిగాడు. కొండ మీంచి వస్తున్నామని చెప్పాయి.

ఆ కొండ మీద జీలుగుగూడ అని చిన్న పల్లె. జమ్మయ్య ఊరు అదే. వాడి భార్య సుమిత్రి అక్కడే పురిటికి ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన బిడ్డ పేరు తల్లి ఎంచుతుంది, కానీ పైకి అనకూడదు. మొట్టమొదట తండ్రే నోరారా పిలవాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు పిలవాలి. తండ్రి నోట ఏది వస్తే అదే పేరు, చచ్చేదాకా మారదు.

జమ్మయ్యకి బట్టీ వదిలి రావడానికి సెలవు దొరకలేదు. పోనీ సుమిత్రి ఫోన్లో చెబుదామంటే తను పైకి అనకూడదాయె. అందుకని పేరు రాసి పంపింది. ఆమెకి వచ్చింది కొండవాళ్ళ లిపి ఒక్కటే. జమ్మయ్యా ఆమె చదివిన బడిలోనే, ఆ బల్ల మీదే నేర్చుకున్నాడు. సుమిత్రి ఫోన్లో ఆ లిపి మొహాలున్నాయి. జమ్మయ్య ఫోన్లో ఉన్నాయో లేవో పాపం ఆమెకేం తెలుసు?

అప్పుడు పైడయ్య ఆ మూడక్షరాల్నీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. మొదట తెలుగు మొహాల ఇంటికెళ్ళాడు. అది దివాణమంత ఇల్లు. ఆ ఇంటి పెద్దావిడ వరాలమ్మ గుమ్మంలోనే నంబర్లు చూసి, మా వాళ్ళు కాదు నాయనా అంది. తప్పుపట్టడానికి లేదు, మర్యాదగానే చెప్పింది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. పైడయ్య నడుస్తూనే తాగాడు.

ఆ తర్వాత వీధి వీధీ తిరిగాడు. అరవం ఇంట్లో అడిగాడు, హిందీ ఇంట్లో అడిగాడు, బొమ్మల ఇంట్లో అడిగాడు. బొమ్మల ఇంట్లో వంకాయ మొహం ఉంది, పీత మొహం ఉంది, జడలు వేసుకున్న దెయ్యం మొహం కూడా ఉంది. ఈ పిల్లల మొహాలు మాత్రం లేవు. 

అప్పుడు సందు మలుపులో రంగులయ్య ఎదురుపడ్డాడు. వాడిది సోకులిల్లు. పెళ్ళి కార్డులకీ సినిమా పోస్టర్లకీ వంకీలు తిరిగిన మొహాలు అద్దెకిస్తాడు. వాడి మీసాలు ఒక కొస ఈ వీధిలో ఉంటే ఇంకో కొస పక్క వీధిలో ఉంటుంది. వాడు ఆ పిల్లల్ని ఎగాదిగా చూశాడు.

"మా ఇంటి గడప తొక్కినవాడెవడూ మొహం లేకుండా పోలేదు పైడయ్యా. ఇవి తగిలించి పంపెయ్. ఇంచుమించు ఇలాగే ఉంటారులే. అసలు మొహం ఏదో ఎవడికి తెలుసు?"

మూడక్షరాల్లో చిన్నది, మాకు తెలుసు అంది. ఎవరూ పట్టించుకోలేదు.

పైడయ్యకి అది తప్పని తెలుసు. కానీ అలసిపోయినవాడి చెవికి తప్పు మాట కూడా పరుపులా మెత్తగా ఉంటుంది. ఇది ఒక్కటి అయిపోతే రంగులయ్య ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోవచ్చు అనుకున్నాడు. రంగులయ్య ఇచ్చిన మొహాలు పిల్లలకి తగిలించి అద్దం ముందు నిలబెట్టాడు.

బయట జమ్మయ్య మట్టిచేతులతో ఫోను తీశాడు. తెల్లారకముందు నుంచీ ఇటుకలు మోసి మోసి, నిలబడే కునుకుతున్నాడు వాడూ. కొండ లిపిలాగే కనబడే ఆ మూడు మొహాలూ కలిపి చూస్తే ఏమని ఉందో తెలుసా? తపేలా అని ఉంది.

నవ్వకు. నువ్వైతే నవ్వుతావు, పెళ్ళిచూపుల్లో తపేలా అని పిలిపించుకోవలసింది ఆ పిల్ల. జమ్మయ్య కూడా ఇదేం పేరని అనుకున్నాడు. కానీ సుమిత్రి ఎంచిందంటే ఏదో అర్థం ఉండే ఉంటుందని సర్దుకున్నాడు. నోరు తెరవబోయి, మసగ్గా ఉంది, ఒకసారి తుడిచి చదువుదామనుకుని తువ్వాలు తీశాడు. ఆ తువ్వాలు అద్దం మీద పడేసరికి తెరపాలెమంతా సూర్యగ్రహణం పట్టినట్టు చీకటైపోయింది.

ఆ చీకట్లో ఎవరో పైడయ్య చెయ్యి పట్టుకున్నారు. ఊరి చివరింటి ముత్తమ్మ. అన్ని ఇళ్ళూ లేవు పొమ్మన్నాక ఆఖరున వెళ్ళే ఇల్లు ఆవిడది. ఆవిడ దగ్గర మొహాలుండవు. నిలబడ్డానికి ఖాళీ గళ్ళుంటాయి, అంతే. అందుకే ఎవరికీ ఆ ఇంటికెళ్ళడం ఇష్టముండదు. వెళితే పరువు తక్కువ.

"పరాయి మొహం తగిలిస్తే ఆ పసిదాని పేరే పోతుందిరా పైడా," అంది ముత్తమ్మ. "నా గడిలో నిలబడితే మొహం రాలేదని తెలుస్తుంది. రాకపోతే ఎవరైనా వెతుకుతారు. వచ్చేసిందనుకుంటే ఇంకెవరు వెతుకుతారు?"

పైడయ్య రంగులయ్య అరుగు వైపు ఒకసారి చూశాడు. ఆ అరుగు ఎంత నున్నగా ఉందో, ఎంత చల్లగా ఉందో. తర్వాత కాళ్ళీడ్చుకుంటూ పరిగెత్తాడు. మూడు మొహాలూ ఊడబెరికి రంగులయ్య మొహాన కొట్టి, పిల్లల్ని ముత్తమ్మ గళ్ళలో నిలబెట్టాడు. నుదుటి మీద నంబర్లు మాత్రం చెరక్కుండా చూసుకోండమ్మా అని చెప్పాడు.

తువ్వాలు తొలిగింది. జమ్మయ్య చూశాడు. తపేలా లేదు. మూడు ఖాళీ గళ్ళున్నాయి.

వాడు కళ్ళు నులుముకున్నాడు. సుమిత్రికి ఫోన్ చేశాడు.

"ఏటి రాశావే? మూడు గళ్ళు కనబడతన్నాయి."

"గళ్ళేటి? పేరే రాశాను. సరిగ్గా చూడు."

"పోనీ మెల్లిగా చెవిలో చెప్పీ."

"నాను చెప్పకూడదు కదా," అంది సుమిత్రి. ఆ గొంతులో ఏడుపు వినపడింది. పసిది పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో అందరూ దాన్ని ఓయ్ అనీ ఇదిగో అనీ పిలుస్తున్నారు మరి.

అప్పుడు సుమిత్రి తల్లి ఫోను లాక్కుంది. పేరు లేదని పిల్ల పాలు మానిందా, ఏడుపు మానిందా, నీకే చదవడానికి బద్ధకం అని చివాట్లు పెట్టి పెట్టేసింది.

ఆ తర్వాత బట్టీ మేస్త్రీ వంగి చూశాడు.

"మీ ఆవిడ మూడు ఇటుకలు పంపిందేంట్రా. ఇక్కడ చాలడం లేదనా?"

బట్టీలో వాళ్ళంతా నవ్వారు. నవ్వే ఓపిక కూడా లేక, నవ్వినట్టు ఊపిరి వదిలారు.  పనంతా అయ్యేదాకా ఇటుక ఎత్తినప్పుడల్లా వాడికి కూతురే గుర్తొచ్చింది.

సంత రోజున ఫోన్లు బాగుచేసే షమీమ్ అనే అమ్మాయి దగ్గరికెళ్ళాడు. షమీమ్ ఆ గళ్ళు చూసి నవ్వలేదు. ఫోను పాడైందా అని జమ్మయ్య అడిగాడు.

"పాడవలేదన్నా. పేరు వచ్చేసింది, లోపలే ఉంది. దానికి తొడగడానికి నీ ఫోన్లో బట్టల్లేవు, అంతే. కూర్చో, తెప్పిస్తాను."

అప్పుడు తెరపాలెంలో భూమి దద్దరిల్లింది. ఆకాశం నుంచి ఒక కొత్త ఇల్లు వచ్చి, ముత్తమ్మ ఇంటి పక్కనే ఖాళీ జాగాలో దిగింది. తలుపులు తెరిస్తే కొండమీది మొహాలన్నీ వరసగా గోడకి వేలాడుతున్నాయి. తేనె వాసన వచ్చిందంటారు. నేను చూడలేదు కానీ వాసన మాత్రం ఇక్కడిదాకా వచ్చింది.

పైడయ్య మూడు గళ్ళ దగ్గరికెళ్ళాడు. సుమిత్రి మళ్ళీ పంపనక్కర్లేకపోయింది. పిల్లలు అక్కడే ఉన్నారు, నంబర్లు నుదుటి మీదే ఉన్నాయి. ఒక్కొక్కర్నీ తీసుకెళ్ళి ఎవరి మొహం వాళ్ళకి తగిలించాడు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని చెంపలు తడుముకున్నారు. ఆ తర్వాత వెళ్ళి అద్దం ముందు నిలబడ్డారు.

అద్దం వెనక నుంచి పైడయ్య జమ్మయ్య మొహం చూస్తున్నాడు. జమ్మయ్య చదివాడు. మళ్ళీ చదివాడు. తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఏం అన్నా, మళ్ళీ తప్పొచ్చిందా అని షమీమ్ అడిగింది. కాదని తల ఊపాడు.

అది వాడి కన్నతల్లి పేరు. మొన్న వానల్లో, మనవరాలిని చూడకుండానే పోయింది ఆవిడ. ఆ రోజు నుంచీ ఆ పేరు వాడి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

జమ్మయ్య సుమిత్రికి ఫోన్ కలిపి, పిల్ల చెవి దగ్గర పెట్టమన్నాడు. సంతలో అంత రొద, కూరగాయలవాళ్ళ కేకలు, బస్సు హారన్లు. అందులోనే, అమ్మని పిలిచినట్టు మెల్లిగా పిలిచాడు.

"సింగారీ."

అవతల పసిది ఊఁ అందట. నిజంగా అంది. పుట్టి నెల తిరగని పిల్ల ఊఁ కొడుతుందా అని అనుమానం పెట్టుకోకు, నువ్వు కొట్టడం లేదూ?

అప్పుడు తెరపాలెంలో పైడయ్య, జన్మలో మొట్టమొదటిసారి, ముత్తమ్మ అరుగు మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడు? కాలు చాపేంతసేపు. ఇంతలో జమ్మయ్య సంతోషం పట్టలేక ఆ పేరే మళ్ళీ మళ్ళీ రాసి భార్యకి పంపడం మొదలుపెట్టాడు. సింగారి, సింగారి, సింగారి. రాసిన ప్రతి అక్షరానికీ మొహం తేవాలి కదా. వీధి నిండా పిల్లలు, తిరుపతి క్యూలా.

పైడయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పోనీలే, పక్కిల్లేగా అన్నాడు.

కథ నడిచింది కంచికి,
కాళ్ళీడ్చుకుంటూ మనం ఇంటికి,
కునుకొచ్చింది నీ కంటికి,
నొప్పులన్నీ ఈ అమ్మమ్మ ఒంటికి.

అప్పుడే కళ్ళు మూసెయ్యకు. లేచి వెళ్ళి, ముందు గదిలో సోఫా మీద వెలుగుతూ వదిలేసి వచ్చావే ఆ ఫోను, దాన్ని ఆపేసి రా. ఆ ఊళ్ళో కూడా ఎవడో ఒకడు నిలబడే ఉంటాడు. వచ్చేటప్పుడు గూట్లో ఉన్న నా నొప్పుల నూనె సీసా పట్టుకురా నాన్నా.