శార్వరి అభిమాన మేధావుల సంఘం

మా గోడకి అవతలి ఇల్లు గవర్రాజుది. ఆ ఇంట్లో నలుగురు. గవర్రాజు, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు పోలినాయుడు, బామ్మర్ది జగ్గారావు. నలుగురికీ కలిపి ఒక్క బుర్రైనా ఉందని నేను చెప్పలేను, అబద్ధాలాడ్డం నాకు చేతకాదు. కానీ వాళ్ళని అడిగి చూడండి. అనకాపల్లి మొత్తానికి తెలివంటూ ఉంటే అది తమ నాలుగు గోడల మధ్యే ఉందంటారు.

గాయని శార్వరి అంటే వాళ్ళకి పిచ్చి. గుమ్మానికి బోర్డు కూడా కట్టారు, ‘శార్వరి అభిమాన మేధావుల సంఘం’ అని. కింద ఫోన్ నంబరు. నంబరుతో సహా అవే అక్షరాలు నలుగురి చొక్కాల వీపుల మీదా అచ్చేయించారు, పైడమ్మకైతే పమిట మీద. అభిమానులంటే సరే, మేధావులెందుకురా అని అడిగితే గవర్రాజు నాకేసి జాలిగా చూశాడు.

“పిన్నీ, మిగతావోళ్ళు ఆవిడ పాట వింటారు. మేం ఆవిడ మాట కూడా వింటాం. ఆవిడ ఏటంటే అదే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. దానికే తెలివి కావాలి.”

అదీ వాళ్ళ తెలివి. ఇక వినండి.

ఆ మధ్య టీవీలో సంగీతం అవార్డుల పండగ వచ్చింది. పోటీలో శార్వరి పేరుంది. సాయంత్రం నుంచే నలుగురూ చాప పరుచుకుని టీవీ ముందు కూర్చున్నారు. పైడమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే యాంకరు పిల్ల చెయ్యూపుతూ, “ఎక్కడికీ వెళ్ళకండి, చిన్న విరామం తర్వాత కలుద్దాం” అంది. అంతే. నలుగురూ చాపకి అతుక్కుపోయారు. పాలు పొంగాయి, కదల్లేదు. పాలు మాడాయి, కదల్లేదు. గిన్నె నల్లబడి పొగ మా ఇంట్లోకి వస్తే నేనే పరిగెత్తుకెళ్ళి గ్యాసు కట్టాను. నలుగురూ దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చుని ఉన్నారు.

“లేచి స్టవ్వు కట్టడానికి ఏం రోగమే నీకు” అన్నాను పైడమ్మతో.

“వెళ్ళొద్దని చెప్పింది కదా పిన్నీ. ఆ పిల్ల తిరిగొచ్చి చూసేసరికి మేం లేకపోతే ఏటనుకుంటాది?”

గ్యాసు కట్టినదాన్ని కట్టినట్టు నేనూ అక్కడే కూలబడ్డాను. విరామం అయ్యింది, శార్వరికే అవార్డు వచ్చింది. మూరెడు పొడవు ఇత్తడి వీణ, కింద చెక్క పీట. ఆవిడ దాన్ని గుండెలకి అదుముకుని ఏడ్చేసింది. “ఇన్నేళ్ళూ కోరస్‌లో వెనక వరసలో నిలబడి పాడాను. నాకిదే మొదటి అవార్డు. పాట నేర్పింది మా అమ్మ. ఇప్పుడావిడకి చూపు ఆనదు. ఈ వీణ ఆవిడ చేతిలో పెడతాను, తడిమి చూసుకుంటుంది” అంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ మహాతల్లి అక్కడితో ఆపేస్తే ఈ కథే లేదు. కానీ అవార్డు అందుకున్న ప్రతివాళ్ళూ అనే ముక్క ఒకటుంది కదా, అదీ అనేసింది. “నిజానికి ఈ అవార్డు నాది కాదు. కోట్లాదిమంది నా అభిమానులది.”

ఇంకేముంది. గవర్రాజు లేచి నిలబడ్డాడు.

“విన్నారా? ఆవిడది కాదంట. మనదంట.”

పోలినాయుడికి ఒళ్ళు మండింది. “మరి మనదాన్ని తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో ఎలా పెడతాది అన్నియ్యా? మనల్ని ఒక్క మాట అడగొద్దా?”

“పెద్దావిడ, పోన్లే. ఓసారి పట్టుకుని ఇచ్చేస్తాది” అన్నాడు జగ్గారావు. ఆ నలుగురిలో దయగలవాడు అతనే లెండి.

మర్నాటికల్లా అలమారలో దేవుడి పటాలు పక్కకి జరిగిపోయాయి. అక్కడ వీణకి చోటు చేశారు. కొరియర్ కుర్రాడు మా వీధిలోకి వస్తే చాలు, నలుగురూ వెళ్ళి అతని సంచీ వెతికేవారు. అతను మా వీధికి రావడమే మానేశాడు. “పాపం, మన వస్తువు కాపలా కాయడం ఆవిడకెంత కష్టం. నిద్రైనా పడుతోందో లేదో” అని పైడమ్మ గోడ మీంచి నాతో చెప్పుకుని బాధపడేది.

అలా బాధపడుతుండగా విశాఖపట్నంలో శార్వరి అభిమానుల సమ్మేళనం అని గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ‘గుండె నిండా అభిమానం ఉంటే చాలు, వచ్చెయ్యండి’ అని రాశారు. చాలు అన్నాక ఇంకేం కావాలి. పాసులు తీసుకోకుండా బస్సెక్కేశారు. అక్కడ జరిగిందంతా తిరిగొచ్చాక వాళ్ళే నాకు చెప్పారు, సిగ్గుపడుతూ కాదు, గొప్పగా.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర కాపలావాడు పాసులేవన్నాడు. జగ్గారావు చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించాడు. “నిండా ఉంది, చూసుకో” అన్నాడు. కాపలావాడికి మండిపోయింది. “పాసు లేకుండా లోపలికెళ్ళాలంటే నా మీంచి వెళ్ళాలి” అన్నాడు.

అంతే. నలుగురూ చెప్పులు విప్పి చేత పట్టుకున్నారు.

“పడుకో బాబూ” అన్నాడు గవర్రాజు మర్యాదగా.

“ఏంటి?”

“నీ మీంచే కదా వెళ్ళమన్నావు. పడుకుంటే ఒకరి తరవాత ఒకరు మెల్లిగా దాటేస్తాం. మా ఆడమనిషి కాస్త బరువు, ఆవిడ వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టుకో.”

వెనక జనం తోసుకొస్తున్నారు. కాపలావాడు వాళ్ళ నలుగురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. వీళ్ళతో వాదించే కన్నా వదిలెయ్యడం నయమనుకున్నాడు కాబోలు, గేటు తీసేశాడు.

లోపల యాంకరు పిల్ల మైకు పట్టుకుని, “మేడమ్ వచ్చేస్తున్నారు, చప్పట్లు ఆగకూడదు” అంది. మొదలెట్టారు. శార్వరి వచ్చింది, అందరూ ఆపేశారు, వీళ్ళు ఆపలేదు. ఆవిడ జోలపాట ఎత్తుకుంది. అంత మెత్తటి పాటలో వీళ్ళ చప్పట్లు ఒకటే మోత. పక్కవాళ్ళు ఆపమని మొత్తుకుంటే పోలినాయుడు, “మైకులో చెప్పాలి, మైకులో చెప్పింది మైకులోనే పోవాలి” అన్నాడట. వినండి, ఎంత న్యాయంగా మాట్లాడాడో.

పాటయ్యాక శార్వరి ఇత్తడి వీణని పైకెత్తి చూపించింది. “ఈ సభ అవగానే ఇటునుంచి ఇటే పిఠాపురం, మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. కానీ ముందు మీకు చూపించాలి కదా, ఇది మీది” అంది. చేసిందే మళ్ళీ చేసింది, చూశారా. గవర్రాజు చప్పట్లు మిగతా ముగ్గురికీ అప్పగించి స్టేజీ ఎక్కేశాడు.

“అమ్మా, ఇన్నాళ్ళూ మాది మీరు దాచారు. ఎంతో శ్రమ. ఇక మాకిచ్చెయ్యండి.”

హాలంతా గొల్లున నవ్వింది. వేళాకోళం అనుకున్నారు. యాంకరు పిల్ల ఊరుకుంటుందా, “కరెక్టే కదా మేడమ్, వాళ్ళదే కదా, ఇచ్చెయ్యండి” అంది. అన్ని కెమెరాల ముందు శార్వరి మాత్రం ఏం చేస్తుంది. నవ్వుతూ ఫొటో కోసం వీణని గవర్రాజు చేతుల్లో పెట్టి, “తీసుకోండి, మీదే” అంది. ఈలోగా సెల్ఫీల కోసం జనం స్టేజీ మీదికి ఎగబడ్డారు. ఆ తొక్కిడిలో వీణ ఎవరి చేతిలో ఉందో చూసే దిక్కు లేదు. గవర్రాజు దిగి, తలుపు దాటి, నేరుగా బస్టాండుకి నడిచాడు. వెనక ముగ్గురూ చప్పట్లు.

బస్సులోనూ చప్పట్లే. కండక్టరు భజన బృందం అనుకుని సీట్లిప్పించాడట. మా వీధిలోకీ అలాగే వచ్చారు, అరచేతులు మిరపపళ్ళలా ఎర్రబడి. “ఆపండర్రా” అని నేనరిస్తే, “మైకులో చెప్పు పిన్నీ” అన్నారు. చీపురు తిరగేసి కర్ర నోటి దగ్గర పెట్టుకుని ఆపమన్నాను. ఆపేశారు.

వీణ అలమారలో ఒక్క పూటే ఉంది. గవర్రాజుకి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడు.

“ఆవిడ మన నలుగురిదీ అనలేదు. కోట్లాదిమంది అభిమానులది అంది. మనమే ఉంచేసుకుంటే పక్కోళ్ళ సొమ్ము తిన్నట్టు కాదా?”

“ముక్కలు చేసి పంచేద్దాం” అన్నాడు పోలినాయుడు.

“కోట్ల ముక్కలు రంపంతో రావు రా.”

“పొడి చేసేస్తే?” అంది పైడమ్మ. ఆ మాటకి ముగ్గురు మగాళ్ళూ ఆవిడకేసి ఎంత మెచ్చుకోలుగా చూశారో. ఇంకేముంది. ఇనప సామాను కొట్లో ఆకురాయి కొనుక్కొచ్చారు. ఒకరు వీణ పట్టుకుంటే ఒకరు రాపాడించడం, కింద పైడమ్మ స్టీలు పళ్ళెం పట్టడం. ఆ కరకర చప్పుడికి నా పళ్ళు జివ్వుమన్నాయి. వెళ్ళి చూసి గుండె బాదుకున్నాను.

“ఒరే, పాపం ఆ పిల్ల వాళ్ళమ్మ చేతిలో పెట్టుకుంటానంది. తీసుకెళ్ళి ఇచ్చెయ్యండర్రా.”

“ఆవిడది కాదు కదా పిన్నీ” అన్నాడు గవర్రాజు. “ఆవిడది కానిది ఆవిడకిస్తే ఆవిణ్ణి దొంగని చేసినట్టు కాదా? మేం ఉండగా ఆవిడకా మచ్చ రానివ్వం.”

అలాంటి మనిషితో ఏం మాట్లాడతారు మీరు? నేనైతే ఇంటికొచ్చేశాను. వీధి చివర కొట్టాయన శార్వరి పాట బాగుంటుందన్నాడని ఆయనకి మొదటి పొట్లం ఇచ్చారు. ఆయన పళ్ళపొడి అనుకున్నాడు. రెండు రోజులు ఉమ్మూస్తూనే ఉన్నాడు పాపం.

ఇంతలో గవర్రాజుకి ఫోనొచ్చింది. ఎవరో ఫొటోలో చొక్కా మీది నంబరు చూసి చెప్పారట, సాక్షాత్తూ శార్వరే చేసింది. గవర్రాజు స్పీకరు పెట్టాడు, నేనూ విన్నాను.

“అండీ, వీణ మీ దగ్గరే ఉందా?”

“మా దగ్గరే ఉందమ్మా. మాదే కదా.”

“హమ్మయ్య. జాగ్రత్తగా ఉందా?”

“ఎంత జాగ్రత్తనుకున్నారు. ఒక్క రవ్వ కూడా కింద పడనివ్వడం లేదు.”

ఊరూ వీధీ కనుక్కుని, “నేను బయల్దేరి వస్తున్నాను” అని పెట్టేసింది. నేను గోడ మీంచి అరిచేలోపే. ఆవిడ వచ్చేలోగా పని పూర్తిచేస్తే మెచ్చుకుంటుందని నలుగురూ రెట్టింపు ఊపుతో రాపాడించారు.

కారు వచ్చేసరికి వీణలో బెత్తెడు ముక్క మిగిలింది. శార్వరి మామూలు నేతచీరలో దిగింది, మొహం పీక్కుపోయి ఉంది. పళ్ళెంలో పసుప్పచ్చ పొడి చూసింది, పోలినాయుడి చేతిలో ముక్క చూసింది. అరుగు మీద కూలబడిపోయింది.

“అమ్మ నన్ను అడుగుతూనే ఉంది, ఎప్పుడు తెస్తావే అని. ఇన్నేళ్ళకి వచ్చిన అవార్డు. ఇప్పుడేం పెట్టను ఆవిడ చేతిలో?” అంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. “పోనీ, ఆ ముక్కైనా ఇవ్వండి. తీగలు కొంచెం తెలుస్తున్నాయి. అమ్మ తడిమి చూసుకుంటుంది.”

జగ్గారావు కరిగిపోయాడు. “ఇచ్చేద్దాం బావా” అన్నాడు. గవర్రాజు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాడు.

“అభిమానులకే అమ్మా ఇది. తమరు శార్వరి గారి అభిమానేనా?”

ఆ పిల్ల ఓపిక అక్కడితో తెగిపోయింది. “అభిమానమా? ఆ శార్వరంత బుద్ధిలేని మనిషి ఈ భూమ్మీద లేదు. స్టేజీ ఎక్కి నోటికొచ్చిందల్లా వాగింది. దాని నోరు పడిపోను.”

పైడమ్మ పళ్ళెం కింద పెట్టి కొంగు బిగించింది.

“ఎవర్ని ఆ మాటన్నారు?” అన్నాడు గవర్రాజు.

“నన్నే. నేనే శార్వరినయ్యా.”

“అయితే ఏటి? శార్వరి గారిని ఒక్క మాటన్నా మా సంఘం ఊరుకోదు, ఎవరైనా సరే. ఎవరైనా అంటే ఎవరైనానే.”

అంతే. పోలినాయుడు ఆకురాయి ఎత్తాడు, జగ్గారావు చెప్పు తీశాడు. నేను అడ్డంపడి, ఆవిడే ఈవిడర్రా అని ఎంత మొత్తుకున్నా వింటేనా. ‘శార్వరి గారికీ జై’ అని అరుచుకుంటూ శార్వరిని వీధి చివరిదాకా తరిమారు. డ్రైవరు ఎలాగో ఆవిణ్ణి కార్లోకి లాక్కుని పోనిచ్చాడు.

తిరిగొచ్చి చెమటలు తుడుచుకుంటూ గవర్రాజు ఫోను తీశాడు. ఇందాకటి నంబరుకే చేశాడు.

“అమ్మా, శార్వరి గారేనా? ఇప్పుడే ఎవరో వచ్చి మిమ్మల్ని నానా మాటలూ అన్నారమ్మా. తన్ని తరిమేశాం. చిన్న ముక్క కూడా ఆవిడ చేతికి దక్కనివ్వలేదు. మీరేం దిగులు పెట్టుకోకండి.”

అవతల్నుంచి వెక్కి వెక్కి ఏడుపు వినపడింది. గవర్రాజు ఫోను చేత్తో మూసి, మిగతా ముగ్గురికేసి గర్వంగా చూశాడు.

“ఆనందం పట్టలేకపోతోంది పాపం” అన్నాడు. అని, ఆ ముక్క ఇలా ఇవ్వమని పోలినాయుడి చేతిలోంచి తీసుకుని, అరుగు మీద కూర్చుని అరగదీయడం మొదలెట్టాడు.