వాగు దాచిపెట్టిన తీపి

ఒకప్పుడు నీళ్ళు తియ్యగా ఉండేవి.

మామూలు తీపి కాదు. దోసిలి పట్టి తాగితే పెదాలు అతుక్కుపోయేంత తీపి. వాన పడితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వాకిట్లో నిలబడేవారు. బావిలో నీళ్ళు, చెరువులో నీళ్ళు, కుండలో నీళ్ళు, అన్నీ తీపే.

ఎంత బాగుండేదో అనుకుంటున్నారు కదూ? అలా లొట్టలు వేయకండి. ముందు వినండి.

తలంటు పోసుకుంటే జుట్టు జిగురు పట్టి అట్ట కట్టేది. ఉతికిన పంచె ఆరేస్తే సాయంత్రానికి దాని నిండా చీమలు. మొహం కడుక్కుంటే ఈగలు. గేదెలు చెరువులోంచి లేచి ఇంటికి వస్తుంటే వెనకాల చీమల బారు ఊరేగింపుగా వచ్చేది. ఆ కాలంలో అందరికంటే సుఖంగా బతికింది చీమలే.

ఇక వంట సంగతి అడగకండి. పప్పు వండితే పాయసం. వంకాయ కూర వండితే పాయసం. కొండయ్య అనే ఒకాయన సరదాగా గాలం వేసి నాలుగు చేపలు పట్టుకొస్తే, ఆ చేపల పులుసు కూడా పాయసమే. ఉప్పు వేసినా, చింతపండు పిసికినా, మిరియాలు దంచి వేసినా లాభం లేదు. ఒక్క ఉడుకు రాగానే తీపి పైకి లేచి మిగతా రుచులన్నిటి నోరూ నొక్కేసేది.

దీనికంతటికీ కారణం ఆ కొండయ్య ఊరి పక్కన పారే తేనెవాగు. నీళ్ళన్నీ ఒకే కుటుంబం. తేనెవాగు వాటికి పెద్దక్క. అక్క ఎలా ఉంటే చెల్లెళ్ళూ అలాగే ఉండేవారు.

వాగుకి రెండే సరదాలు. ఒడ్డున కూర్చున్నవాళ్ళ కబుర్లు వినడం ఒకటి. తనని తాగి ఎవరైనా "అబ్బ, ఎంత తియ్యగా ఉందో!" అంటే వినడం రెండోది. ఆ మాట చెవిన పడితే చాలు, రాళ్ళ మీద గంతులేసేది. ఎవరైనా తాగి ఊరకే వెళ్ళిపోతే ఊరుకునేది కాదు. కాస్త దూరం వాళ్ళ వెంట పారి, "ఏం, ఎలా ఉన్నాను?" అని అడిగి మరీ చెప్పించుకునేది.

ఇలా ఉండగా కొండయ్య తల్లి సింగారమ్మకి జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది కానీ నోరు చచ్చిపోయింది. ఏం పెట్టినా వద్దంటుంది.

ఈ సింగారమ్మ మామూలు మనిషి కాదు. గచ్చకాయల ఆటలో ఊరు మొత్తానికి ఆవిడే మొనగత్తె. అరుగు మీద కూర్చుని, మనవరాళ్ళ వయసు పిల్లలందర్నీ ఓడించి, "ఇంకో ఆట వేసుకుందామా, ఏడుస్తారా?" అని ఉడికించేది. అలాంటి మనిషి గచ్చకాయల సంచి గూట్లో పడేసి, గోడకేసి తిరిగి పడుకుంది.

కోడలు తాయమ్మకి వంట అంటే ప్రాణం. రోజూ మంచం పక్కన కూర్చుని బతిమాలేది.

"అత్తా, రెండు ముద్దలు తిను. బియ్యప్పాయసం చేశా."

"వద్దే."

"పోనీ, పెసరపప్పు పాయసం?"

"నీకు దణ్ణం పెడతానే తాయమ్మా, ఆ పేరెత్తకు. నా నోటికి పుల్లపుల్లగా, ఘాటుఘాటుగా, వేడివేడిగా ఏదైనా కావాలి."

"అలాంటి వంట ఎక్కడుంది అత్తా?"

"ఉంటే నేనే వండుకుని తిందును. లేదు గనకే నిన్ను అడుగుతున్నా."

రోజురోజుకీ సింగారమ్మ చిక్కిపోయింది. చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఇరుగుపొరుగు వచ్చి చూసి, "ఇంకొన్నాళ్ళు ఇలా ముద్ద దిగకపోతే మనిషి దక్కదు" అని గుసగుసలాడుకున్నారు. తాయమ్మ ఆ మాట విననే విన్నది.

అప్పుడు కొండయ్య అన్నాడు. "ఇంట్లో పడుకుంటే ఆకలెలా పుడుతుంది? వాగొడ్డున చెట్ల గాలి తగిలితే కాస్త కోలుకుంటుందేమో. పోదాం పదండి."

కార్తీక మాసం. ఎండ హాయిగా ఉంది. కొండయ్య బండిలో గడ్డి పరిచి తల్లిని పడుకోబెట్టాడు. తాయమ్మ బియ్యం, చింతపండు, ఉప్పు, మిరియాలు, ఆవాలు మూట కట్టుకుంది. గూట్లో ఉన్న గచ్చకాయల సంచి కూడా వెంట తెచ్చింది, ఎందుకైనా మంచిదని.

వాగొడ్డున మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది తాయమ్మ. చింతపండు పిసికింది. మిరియాలు కచ్చాపచ్చాగా దంచింది. వాసన చూసి సింగారమ్మ నిజంగానే లేచి కూర్చుంది. కొడుకూ కోడలూ మొహమొహాలు చూసుకున్నారు.

ఒక్క ఉడుకు వచ్చింది. తాయమ్మ గరిటెతో తీసి అత్త అరచేతిలో పోసింది. సింగారమ్మ ఆత్రంగా నాలికకి రాసుకుంది.

తీపి.

సింగారమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని మళ్ళీ పడుకుంది. తిట్టినా బాగుండేది. తాయమ్మకి దుఃఖం ఆగలేదు. గరిటె పట్టుకునే వాగు దగ్గరికి పోయింది.

"ఏమమ్మా వాగమ్మా, నీకు దయా దాక్షిణ్యం లేదా?"

వాగు ఉలిక్కిపడింది. "నేనేం చేశాను? తియ్యగానే ఉన్నానుగా?"

"అదే నువ్వు చేసింది!"

వాగుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఓహో! లోకమంతా మెచ్చుకుంటుంటే నువ్వొచ్చావా వంకలు పెట్టడానికి? నీకు వంట చేతకాక నా మీద పడతావేం?"

"నాకా? నాకు వంట చేతకాదా?" తాయమ్మ గరిటె గాల్లోకి ఎత్తింది. "నీ తీపి ఒక్క పూట పక్కన పెట్టి చూడు. నాకు చేతనవునో కాదో అప్పుడు చెప్తాను!"

"పక్కన పెడితే నన్నెవరు తాగుతారు? నన్నెవరు పట్టించుకుంటారు? పో, పో!"

అప్పుడు బండి దగ్గరి నుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది. "దాన్నేమీ అనకే తాయమ్మా. నా చిన్నప్పుడు గచ్చకాయ జారి నీళ్ళలో పడితే, తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టేది ఆ వాగే."

వాగు ఒక్కసారి ఆగిపోయింది. ఒడ్డు మీదికి ఒక అల ఎత్తి తొంగి చూసింది.

"ఎవరూ, సింగారివా? దోసిలి దోసిలికీ 'తియ్యగా ఉన్నావే' అని చెప్పి తాగేదానివి, నా సింగారివేనా? ఇలా అయిపోయావేమే!"

వాగు వెంటనే కొండ మీది నుంచి కింది దాకా తన తీపినంతా ఒక్క చోటికి లాగింది. చెల్లెళ్ళ దగ్గరున్నది కూడా పోగు చేసింది. అంతా కలిపి నురగలో మూట కట్టింది.

"ఒక్క పూటకే సుమా! సాయంత్రం మళ్ళీ తీసేసుకుంటాను."

కానీ మూట ఎక్కడ పెట్టాలి? ఒడ్డున పెడితే చీమలు బతకనిస్తాయా?

"ఇలా ఇవ్వు వాగక్కా, నేను చూసుకుంటాను" అంది మామిడి చెట్టు. ఇచ్చీ ఇవ్వకముందే మూటలో వేరు పెట్టి జుర్రుకుంది. "ఏయ్!" అంటే, "ఊరికే రుచి చూశానంతే!" అంది. వాగు మూట లాక్కుని చెరకు దగ్గరికి వెళ్ళింది. "నేను నిటారుగా నిలబడేదాన్ని, నాకు వంకర బుద్ధులు లేవు" అంది చెరకు. అని, పీక దాకా తాగేసింది. దొంగతిండి ఎక్కడికి పోతుంది? వాటి ఒంట్లో ఆ తీపి ఈనాటికీ అలాగే ఉంది.

వాగుకి ఏడుపొచ్చింది. మూట పట్టుకుని చూస్తే చివరగా, అందరికీ దూరంగా ఉసిరి చెట్టు కనిపించింది.

ఉసిరి కాయలంటే పులుపూ వగరూ. చిలకలు కూడా ఆ కొమ్మ మీద వాలకుండా చుట్టూ తిరిగి పోయేవి. ఎవరూ రారు గనక ఉసిరికి మాటలు కూడా తక్కువే.

"ఇక్కడ పెట్టు" అంది.

"నువ్వు మాత్రం తాగవని ఏమిటి నమ్మకం?"

"పరాయి సొమ్ము నాకెందుకు? పైగా నా దగ్గరికి ఎవరూ రారు. దొంగలు కూడా."

ఉసిరి ఆ తీపిని చుక్కలు చుక్కలుగా చేసి, ఒక్కో కాయలో ఒక్కో చుక్క దాచింది. తీపి బయటికి రాకుండా ప్రతి కాయనీ పైనుంచి కిందికి దారాలతో బిగించి కట్టింది. "నీ చెయ్యి తగిలితే తప్ప ఈ ముడి ఊడదు. వెళ్ళి నీ పని చూసుకో" అంది.

ఇక తాయమ్మ చెయ్యి చూడండి! కొత్త నీళ్ళు పెట్టింది. చింతపండు పులుసు పోసింది. మిరియాలు వేసింది, ఉప్పు వేసింది. పొంగు రాగానే ఆవాలు చిటపటలాడించి, కరివేపాకు దూసి పోపు పెట్టింది. చుయ్యిమంది. బండికి కట్టిన ఎద్దులు కూడా తలలు తిప్పి చూశాయి.

సింగారమ్మ ఒక గుటక వేసింది. నాలిక చుర్రుమంది. ముక్కు కారింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

"ఇదేమిటే?"

"తెలీదత్తా. ఇంకా పేరు పెట్టలేదు."

"పేరు తర్వాత పెడుదువుగానీ, ముందు అన్నంలో ఇంకాస్త పొయ్యి!"

అదే మొట్టమొదటి చారు. సింగారమ్మ విస్తరాకు కూడా నాకేసింది. కొండయ్య తన వంతు వస్తుందని చూసి చూసి, చివరికి కుండ అడుగు తుడుచుకున్నాడు. ఇంటికి పోయే దారిలో బండిలోంచి గచ్చకాయల గలగల వినిపించింది. ఆ చప్పుడు విని తాయమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

సాయంత్రం వాగు మూట కోసం బయల్దేరింది. అప్పటికే ఊరంతా ఒడ్డున ఉంది. "రేపు ఒక్క పూట ఆగమ్మా, గోంగూర పప్పు చేసుకుంటాం." "ఎల్లుండి దాకా ఆగు తల్లీ, చీమలు పట్టకుండా ఒక్కసారి బట్టలు ఉతుక్కుంటాం." వాగుకి కోపం ఎంత త్వరగా వస్తుందో జాలి కూడా అంతే త్వరగా వస్తుంది. సరే, రేపు. సరే, ఎల్లుండి. అలా అలా మళ్ళీ కార్తీకం దగ్గరికి వచ్చింది.

ఊరు ఊరంతా మారిపోయింది. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో వాసన. వంకాయ కూర వంకాయ కూరలా, చేపల పులుసు చేపల పులుసులా ఉన్నాయి. సింగారమ్మ గాజులు మణికట్టు దగ్గర బిగుతుగా నిలబడ్డాయి.

వాగు మాత్రం చిక్కిపోయింది. జనం వస్తున్నారు, తాగుతున్నారు, మూతి తుడుచుకుని పోతున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనరు. "ఎలా ఉన్నాను?" అని వాగు అడగడం మానేసింది. అడిగితే ఏం చెప్తారో అని భయం. ఒకరోజు ఒక పిల్ల తాగి, "ఏ రుచీ లేదు" అనేసి గెంతుకుంటూ పోయింది.

వాగు ఉసిరి మొదలు దగ్గరికి వచ్చి భోరుమంది. "నా మూట నాకిచ్చెయ్!"

ఉసిరి వెంటనే కొమ్మలు వాగు చేతికి అందేలా వంచింది. "తీసుకో. ఒక్క చుక్క తగ్గలేదు. రాలిపోయే కాయలోంచి కొత్త కాయలోకి మారుస్తూ కాపాడాను."

సరిగ్గా అప్పుడే ఊళ్ళోంచి చారు పోపు వాసన వచ్చింది. వాగు చెయ్యి ఆగిపోయింది. తీసుకుంటే సింగారి మళ్ళీ మంచం ఎక్కుతుంది. తీసుకోకపోతే తనని ఎవరూ తలుచుకోరు. ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఉసిరి ఒక ఉపాయం చెప్పింది. "మూట నా దగ్గరే ఉండనీ. ఎవరైనా నా కాయ కొరికి, ఆ నోటితోనే నిన్ను తాగితే, ఆ గుక్క వరకు నీ తీపి నీకిచ్చేస్తాను."

"బాగానే ఉంది. కానీ నీ కాయ ఎవరు కొరుకుతారు?"

ఉసిరి ఆకులు ముడుచుకుంది. "అదీ నిజమే" అంది.

కార్తీకం రానే వచ్చింది. "పోయినేడు నాకు ప్రాణం లేచి వచ్చింది అక్కడే. అక్కడికే పోదాం, అదే చారు కాచుకుందాం" అని సింగారమ్మ పట్టుబట్టింది. ఈసారి ఊరంతా వెంట వచ్చింది. మామిడి నీడంతా నిండిపోయింది. కుర్రపిల్లలతో చోటు కోసం తగాదా ఎందుకని సింగారమ్మ పోయి ఉసిరి కింద చతికిలబడి గచ్చకాయలు తీసింది.

ఒక కాయ పైకెగరేసింది. చూపు పైన, చెయ్యి కింద. కింద కాయల్ని గబుక్కున ఊడ్చి పట్టుకునే లోపల, ఉసిరి ధైర్యం చేసి ఒక కాయ మెల్లగా వాటి మధ్యకి జారవిడిచింది. సింగారమ్మ గుప్పిట విప్పి చూసుకుంది. "ఇదెవరు ఈ కొత్త చుట్టం?" అంది. చారు మరిగిన నోరు కదా, పులుపంటే ఇప్పుడు భయం లేదు. కటుక్కున కొరికింది.

ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కనుబొమ్మ నెత్తికెక్కింది. "ఓరి నాయనో, నా పళ్ళు!" అంటూ పరుగున పోయి దోసిలితో వాగు నీళ్ళు తాగింది.

తాగి, అలాగే నిలబడిపోయింది. ఇంకో దోసిలి తాగింది. వాగు ఊపిరి బిగబట్టింది.

"తాయమ్మా! ఇలా రావే! అదే, అదేనే! నా చిన్నప్పటి తీపి!" సింగారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళని చేత్తో నిమిరింది. "ఎక్కడికీ పోలేదూ నువ్వు? తియ్యగా ఉన్నావే వాగూ!"

వాగు ఎగిరిన ఎగురుడికి ఒడ్డున అందరూ తడిసి ముద్దయ్యారు. ఇక చూడాలి! ఊరంతా వచ్చి ఉసిరి కొమ్మలు దులపడం, కొరకడం, మొహాలు వంకర్లు తిప్పడం, నీళ్ళు తాగడం, "తీపి! తీపి!" అని అరవడం. మామిడి కింద వేసిన విస్తళ్ళు ఉసిరి కిందికి మారిపోయాయి. చుట్టాలెవరూ రాని ఉసిరికి ఆ రోజు ఎవరితో ముందు మాట్లాడాలో తెలియలేదు.

అప్పటినుంచే నీళ్ళకి ఏ రుచీ లేదు, అందుకే మనం ఏ వంటైనా చేసుకోగలుగుతున్నాం. అప్పటినుంచే కార్తీకంలో అన్నాలు మూట కట్టుకుని ఉసిరి చెట్టు కిందికి పోతున్నాం. ఉసిరికాయ మీద నిలువుగా కనిపించే గీతలు ఆ దారాల గుర్తులే. ఆ కాయ కొరికి నీళ్ళు తాగితే ఆ గుక్క ఈనాటికీ తియ్యగానే ఉంటుంది.

నమ్మకపోతే కొరికి చూడండి. కానీ నీళ్ళు తాగాక మూతి తుడుచుకుని పోకండి. "తియ్యగా ఉంది" అని కాస్త పైకే అనండి. వాగు అడగదు గానీ, వింటూనే ఉంటుంది.