ఛీ పో అంటే వచ్చిన బాతులు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతకు తాత కూడా పుట్టని కాలం. మణిగిరి పట్నాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గిరికేతుడు, చిన్నవాడు సుమకేతుడు. నడిమివాడికి తిండీ నిద్రా తప్ప ఇంకేమీ పట్టదు కాబట్టి వాణ్ణి నిద్రపోనిద్దాం.

గిరికేతుడికి అన్నీ ఉన్నాయి. తమ్ముడంటే ఓర్వలేనితనం కూడా ఉంది. తమ్ముడు నవ్వితే ఒళ్ళు మండేది. తమ్ముణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అన్నం సహించేది కాదు. నాన్నగారికి వాడంటేనే ముద్దు అని చిన్నప్పటినుంచీ ఒకటే కుళ్ళు.

ఆ రోజుల్లో ఒక మాయావి మణిగిరి మీద పడ్డాడు. మిట్టమధ్యాహ్నం వచ్చి కోట మెట్ల మీద కూర్చుని జోలపాట పాడేవాడు. కాపలావాళ్ళు నిద్రపోయేవాళ్ళు, కుక్కలు నిద్రపోయేవి, రాజుగారూ గురక పెట్టేవారు. మొదటిసారి వచ్చి పట్టపుటేనుగును తోలుకుపోయాడు. రెండోసారి వచ్చి పట్టాకత్తి ఎత్తుకుపోయాడు. మూడోసారి వచ్చి రాజునే ఎత్తుకుపోతానని కోటతలుపు మీద బొగ్గుతో రాసి మరీ వెళ్ళాడు.

"ఆ జోలకు లొంగనివి పెద్దబాతులే ప్రభూ. అవి అరిచాయంటే పాటా ఉండదు, నిద్రా ఉండదు," అన్నాడు ముసలిమంత్రి.

"అయితే వినండి," అన్నాడు రాజు కొడుకులతో. "ఏడు సముద్రాల అవతల బాతులదీవి ఉంది. అక్కడి బాతుల్ని తెచ్చి, ఇక్కడ మాలిమి చేసి, ఎవరు పిలిస్తే అవి వస్తాయో వాళ్ళదే ఈ సింహాసనం."

గిరికేతుడు ముందుగా బయలుదేరాడు. ఏడు సముద్రాలు దాటాడు, ఏడు బాతుల మీద వల విసిరాడు, ఓడలో పడేసి తెచ్చాడు. ఒడ్డున వల విప్పాడో లేదో, ఏడు బాతులూ ఏడు సముద్రాలూ దాటి ఇంటికెళ్ళిపోయాయి. ఊరు ఊరంతా నవ్వింది.

తరవాత సుమకేతుడు వెళ్ళాడు. వల తీసుకెళ్ళలేదు. బాతులు మేపే మరాళి అనే పిల్లను కలిసి, ఎలా పెంచాలని అడిగాడు.

"కొత్తచోట ఏడు రోజులు తలుపు తీయకూడదు," అంది మరాళి. "చుట్టూ తడిక కట్టండి, ఎండుగడ్డి పరవండి, వెడల్పు తొట్టిలో నీళ్ళు పోయండి. రోజంతా ఒకటే గొంతు వాటి చెవిన పడాలి. ఆ గొంతే వాటికి ఇల్లవుతుంది. ఎనిమిదో రోజు నేనొచ్చి చూస్తాను. అవి సుఖంగా ఉంటే మిమ్మల్ని పెళ్ళాడి నేనూ అక్కడే ఉండిపోతాను."

సుమకేతుడు ఏడు బాతులతో తిరిగొచ్చాడు. ఊరంతా హారతులు పట్టింది. రాజు చిన్నకొడుకుని కావలించుకున్నాడు. అది చూసి గిరికేతుడు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

సుమకేతుడు పొద్దునా సాయంత్రం వచ్చి, తరిగిన ఆకుకూరా గింజలూ వేసి, "రా రా రా" అని పిలిచి, కోటపనుల మీద వెళ్ళిపోయేవాడు. గిరికేతుడు మాత్రం పొద్దస్తమానం తడిక దగ్గరే. కుళ్ళు కదా, కాలు కదలనిస్తుందా! ఎండొచ్చినా అక్కడే, వానొచ్చినా అక్కడే. బాతు దగ్గరికొస్తే "ఛీ పో". నీళ్ళు తాగితే "ఛీ పో". ఊరికే చూసినా "ఛీ పో". అవి మెడలు చాచి శ్రద్ధగా వినేవి.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక చిలక వచ్చి తడిక మీద వాలింది.

"పెద్ద రాకుమారా, ఇవాళ ఒక్కరోజే మిగిలింది. తలుపు తీసెయ్. బాతులు పోతే మీ తమ్ముడి పరువు పోతుంది, సింహాసనం నీదవుతుంది," అంది.

గిరికేతుడు ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు, తలుపు తీసేశాడు. బాతులు పారిపోలేదు. వరసగా వచ్చి అతని కాళ్ళ దగ్గర నిలబడ్డాయి.

"తోలెయ్ వాటిని! మా అయ్య పాట మొదలెట్టేశాడు!" అని కీచుమంది చిలక.

అప్పుడు వినబడింది జోల. కాపలావాళ్ళు ఒక్కొక్కరే ఒరిగిపోతున్నారు. గిరికేతుడికి రెప్పలు బరువెక్కాయి. అయ్యో, నాన్నగారు! ఎంత పని చేశాను!

చిలక మొహం మీదే "ఛీ పో!" అని అరిచాడు.

అంతే! ఏడు బాతులూ రెక్కలు విప్పి, కోట దద్దరిల్లేలా అరుస్తూ అతని మీదికి ఎగబడ్డాయి. అందులో పెద్ద పోతుబాతు అడ్డొచ్చిన చిలక మెడ పట్టి ఒక్క విదిలింపు విదిలించింది. మెట్ల మీద పాట ఆగిపోయింది. మాయావి ప్రాణం ఆ చిలకలోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఎనిమిదో రోజు మరాళి వచ్చింది. నిండుసభలో సుమకేతుడు "రా రా రా" అన్నాడు. బాతులు ఈకలు సవరించుకుంటూ కూర్చున్నాయి.

"మరి వీటిని మాలిమి చేసిందెవరు?" అన్నాడు రాజు.

"నేను చెయ్యలేదు నాన్నగారూ," అన్నాడు గిరికేతుడు తల వంచుకుని. "రోజూ తిట్టాను."

"ఏమని?"

"ఛీ పో అని."

ఏడు బాతులూ లేచి పరుగున వచ్చి అతని పాదాల మీద కూర్చున్నాయి. సభ గొల్లుమంది.

"రోజంతా వాటి చెవిన పడింది మీ గొంతే కదా బావగారూ," అంది మరాళి.

"సింహాసనం నీదేరా పెద్దోడా," అన్నాడు రాజు.

ఇన్నాళ్ళూ కోరుకున్న మాట అది. కానీ పాదాలు వెచ్చగా ఉన్నాయి. తనకోసం ఎవరైనా అలా పరిగెత్తుకు రావడం అతనెరగడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తడిక తలుపు తీసింది నేనే నాన్నగారూ. తమ్ముడి మీద కుళ్ళుతో తీశాను. సింహాసనం వాడికివ్వండి. ఈ ఏడింటినీ నాకివ్వండి."

సుమకేతుడు అన్నయ్యను గట్టిగా పట్టుకున్నాడు. అలా గిరికేతుడు కోటకు బాతులదొర అయ్యాడు. కుళ్ళు పూర్తిగా పోయిందా అంటే, అవి తమ్ముడి చేతిలో గింజలు తిన్నరోజు కాస్త మూతి ముడిచేవాడు.

సుమకేతుడికీ మరాళికీ పెళ్ళయింది. తలంబ్రాల వేళ పెళ్ళికొడుకు చెవిలో ఏదో అన్నాడు. పెళ్ళికూతురు సిగ్గుపడి "ఛీ పో" అంది. ఇంకేం, ఏడు బాతులూ పందిట్లోకి వచ్చిపడ్డాయి, వాటి వెనక గిరికేతుడు! తలంబ్రాల బియ్యం సగం అవే తినేశాయి.

సుమకేతుడూ మరాళీ మణిగిరిని చాలాకాలం చల్లగా ఏలారు. ఆ ఊళ్ళో నేటికీ కొత్తపెళ్ళికూతురు "ఛీ పో" అంటే, పోవద్దని అర్థం.